ఉమ్మడి వాకిలిని కదపకండి

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టుకుని బతుకుతెరువు సాగించేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అకౌంట్లు రాసేవారికి టాలీ కావాలి, డీటీపీ చేసేవారికి పేజ్‌మేకర్, అను ఫాంట్లు కావాలి. అందుకని విండోస్‌ని వదల్లేరు. ప్రోగ్రామింగ్ చేసేవారికేమో లినక్స్‌లోనే చేయి ఆడుతుంది. వీళ్లలో ఇంకా ఉబుంటు 20.04 నడుపుతున్నవారు దాన్ని మార్చక తప్పదు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వెర్షన్‌కి మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లు 2025 మేతో ఆగిపోయాయి. దాన్ని తీసేసి, విండోస్‌ జోలికి పోకుండా, 24.04 పెట్టుకోవాలనుకునేవారికి ఈ మాటలు.

ల్యాప్‌టాప్ ఆఫీసుదైతే ముందు ఐటీ విభాగాన్ని అడగండి. సొంతదైతే శనివారం పొద్దున మొదలుపెట్టండి. సోమవారం ఫైలు పంపాల్సి ఉండగా ఆదివారం రాత్రి ఈ పనికి కూర్చోవద్దు.

రెండు సిస్టమ్‌లున్న డిస్క్ అంటే రెండు కుటుంబాలున్న ఇల్లు. గదులు ఎవరివి వారివే, వాకిలి మాత్రం ఉమ్మడి. ఆ వాకిలి పేరు ఈఎఫ్ఐ పార్టిషన్. చాలా ల్యాప్‌టాప్‌లలో అది వంద నుంచి కొన్ని వందల ఎంబీలు మాత్రమే ఉంటుంది. విండోస్‌ని లేపే ఫైళ్లూ, ఉబుంటుని లేపే గ్రబ్ ఫైళ్లూ అందులోనే వేరు వేరు ఫోల్డర్లలో ఉంటాయి.

కొన్నేళ్ల కిందట ఒక సహోద్యోగికి సాయం చేస్తూ ఆ చిన్న ముక్కను ఎందుకూ పనికిరానిదనుకుని ఫార్మాట్ చేశాను. ఉబుంటు చక్కగా వచ్చింది, విండోస్ లేవలేదు. ఆయన ఫైళ్లన్నీ డిస్క్ మీద భద్రంగానే ఉన్నాయి, లోపలికి వెళ్లే దారే పోయింది. విండోస్ పెన్‌డ్రైవ్ ఒకటి సంపాదించి, బీసీడీబూట్ అనే కమాండ్‌తో బూట్ ఫైళ్లు మళ్లీ రాయించేసరికి ఒక పూట గడిచిపోయింది. అంతసేపూ ఆయన ముఖంలో కనిపించిన కంగారు నాకింకా గుర్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు విండోస్‌లోకి వెళ్లి రెండు పనులు చేయండి. డిస్క్‌కి బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. బూట్ పద్ధతిలో మార్పు కనబడితే విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే లోపలికి రానివ్వదు. రెండోది, ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు.

తర్వాత ఉబుంటులోకి వెళ్లి హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా కనబడవు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనబడతాయి. సర్వర్లకు వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కీలు ఉండేది వాటిలోనే. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. చూశాక ఆ డిస్క్‌ని ఊడదీసి పక్కన పెట్టండి, పొరపాటున దాన్నే ఫార్మాట్ చేసే ప్రమాదం తప్పుతుంది.

ఒక కాగితం మీద పార్టిషన్లన్నీ వరుసగా రాయండి: ఎంత సైజు, ఏ రకం, ఎవరిది. ఉబుంటు 24.04 ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాక ఇన్‌స్టాలర్ డిస్క్ మొత్తం చెరిపేసే దారి కూడా చూపిస్తుంది. అటు పోకుండా మాన్యువల్ ఇన్‌స్టలేషన్ ఎంచుకోండి. పాత ఉబుంటు పార్టిషన్‌ని కాగితంతో పోల్చి గుర్తుపట్టి, దాన్ని మాత్రమే ఎక్స్‌ట్‌4గా ఫార్మాట్ చేసి, మౌంట్ పాయింట్‌గా స్లాష్ గుర్తు ఇవ్వండి. హోమ్‌కి విడి పార్టిషన్ ఉంటే ఫార్మాట్ టిక్ లేకుండా హోమ్‌గానే చూపించండి, యూజర్ పేరు పాతదే పెట్టండి. ఈఎఫ్ఐ పార్టిషన్ దగ్గర ఫార్మాట్ టిక్ అసలు ఉండకూడదు. ఇన్‌స్టాల్ నొక్కే ముందు మార్పుల జాబితా చూపిస్తుంది. అక్కడ ఆగి ప్రతి వరుసా చదవండి.

పని పూర్తయ్యాక గ్రబ్ మెనూలో విండోస్ కనబడకపోతే భయపడకండి. బయోస్ బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఉందంటే అది క్షేమంగా ఉన్నట్టే. గ్రబ్ సెట్టింగుల్లో ఓఎస్ ప్రోబర్‌ని ఆన్ చేసి, అప్‌డేట్ గ్రబ్ కమాండ్ నడిపితే మెనూలోకి వచ్చేస్తుంది.

విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయినా కంగారు పడవద్దు. కంప్యూటర్ లోపలి గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ అంతర్జాతీయ సమయంగా చదువుతుంది. స్థానిక సమయమే వాడమని ఉబుంటుకు చెబితే సరిపోతుంది. అయితే సోమవారం మీటింగ్‌కి ముందే ఒకసారి రెండింటిలోకీ వెళ్లి గడియారం చూసుకోండి.

వారం పది రోజులు పని చేశాక గానీ ఏ ఫైలు రాలేదో తెలియదు. బయటి డిస్క్‌లోని ఆ కాపీని కనీసం ఒక నెల చెరపకండి.