తప్పు స్పెల్లింగ్‌ని ఒకసారి చదివి చూడండి



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో సెకండ్ క్లాస్ పాప వాళ్ళమ్మగారు డిక్టేషన్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. "ఇరవైకి నాలుగు వచ్చాయి మేడమ్. రోజూ రాత్రి కూర్చోబెట్టి ఒక్కో పదం పదేసిసార్లు రాయిస్తున్నాను. ఇంకేం చెయ్యమంటారు?" అన్నారు. ఆవిడ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది. పాప పక్కనే నిలబడి తల ఎత్తకుండా తన షూ లేసుల్ని చూసుకుంటోంది.

నేను మార్కులు వదిలేసి పదాలు చదవడం మొదలుపెట్టాను. 'ఎగ్'కి పాప వై-ఇ-జి అని రాసింది. 'ఓన్లీ'కి డబ్ల్యు-ఒ-ఎన్-ఎల్-ఇ. 'వెట్'కి వై-ఇ-టి. మూడూ తప్పులే. కానీ ఇవి చదవని పిల్ల చేసే తప్పులు కావు, చెవి పెట్టి వినే పిల్ల చేసేవి.

మనం 'ఎలుక' అని రాస్తాం, పలికేటప్పుడు చాలామందికి 'యెలుక' అని వస్తుంది. 'ఒకటి'ని 'వొకటి' అంటాం. అదే అలవాటుతో ఎగ్‌ని 'యెగ్' అని, ఓన్లీని 'వోన్లీ' అని అంటాం. మీ ఇంట్లోనూ అంతే, నిజం చెప్పాలంటే మా స్టాఫ్ రూమ్‌లోనూ అంతే. పాప విన్నది విన్నట్టు రాసింది. ఓన్లీ చివర 'ఇ' పెట్టడానికీ కారణం ఉంది: ఆ అక్షరం పేరే 'ఈ' కదా. ఇక 'వెట్'కి వై ఎందుకు? 'వై' అనే పేరు 'వ'తో మొదలవుతుంది కాబట్టి. డబ్ల్యు పేరులో 'వ' శబ్దం ఎక్కడుందో పెద్దవాళ్ళం మనమే వెతికి చెప్పలేం.

పిల్లల తప్పుల వెనక ఇలాంటి లెక్క ఉంటుందని చార్ల్స్ రీడ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1971లో రాశారు. బడికి వెళ్లకముందే సొంతంగా రాయడం మొదలుపెట్టిన చిన్నపిల్లల రాతల్ని ఆయన పరిశీలించారు. అక్కడి పిల్లలు ట్రక్, ట్రెయిన్ లాంటి మాటల్ని సి-హెచ్-ఆర్‌తో మొదలుపెట్టేవారు, ఎందుకంటే వాళ్ళ ఉచ్చారణలో ఆ 'ట' నిజంగానే 'చ'కి దగ్గరగా ఉంటుంది. మన పిల్లల్లో ఆ తప్పు నేనింతవరకు చూడలేదు. మన 'ట' వేరు కదా!

అదే క్లాసులో ఇంకో బాబుకి డిక్టేషన్‌లో ఇరవైకి ఇరవై. ఇంగ్లీష్ రీడర్‌లో పాఠం గడగడా అప్పజెబుతాడు. ఒకరోజు చూస్తే వేలు మూడో లైను మీద ఉంది, నోరు ఐదో లైను చెబుతోంది. పేజీ మధ్యలో ఒక పదం చూపించి ఇదేంటని అడిగితే, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు. ఇద్దరిలో నాకు ఎక్కువ బెంగ ఈ బాబు గురించే. కానీ అతని పేరెంట్స్ మీటింగ్‌లో రెండు నిమిషాలు కూడా కూర్చోలేదు. మార్కులు బాగున్నాయిగా, ఇంక మాట్లాడటానికి ఏముంటుంది అనుకున్నారేమో.

మీ పిల్లలు చదువుతున్నారా, అప్పజెబుతున్నారా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అర్థం లేని పదాలు రెండు మూడు కాగితం మీద రాసి ఇవ్వండి: ఎం-ఐ-పి, టి-యు-డి లాంటివి. బట్టీ పట్టడానికి వీల్లేని పదాలివి. 'మిప్', 'టడ్' అని కూడబలుక్కున్నా సరే, చదవడం వస్తున్నట్టే.

తెలుగులో ఈ ఇబ్బంది తక్కువ. 'క' పేరూ 'క'నే, శబ్దమూ 'క'నే. గుణింతాలు, ఒత్తులు నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది, నిజమే. అవి వచ్చాక పిల్లలు అర్థం తెలియకపోయినా ఏ షాపు బోర్డునైనా చదివేస్తారు. ఇంగ్లీష్‌లో 26 అక్షరాలే, శబ్దాలు మాత్రం దాదాపు 44. పైగా అక్షరం పేరొకటి, శబ్దమొకటి. మనందరం 'సి-ఎ-టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి' అని చదువుకున్నవాళ్ళమే. సి, ఎ, టి అని ఎంత వేగంగా అన్నా 'సీయేటీ' అవుతుంది గానీ క్యాట్ అవ్వదు. అందుకే ఎల్‌కేజీ, యూకేజీల్లో పేర్ల కంటే ముందు 'క్', 'ట్' అని శబ్దాలు నేర్పుతాం. ఇంట్లో పెద్దవాళ్ళు "ఇదేం చదువు, పిల్లాడికి ఏబీసీడీలు కూడా సరిగ్గా నేర్పట్లేదు" అంటుంటారని నాకు తెలుసు.

ఇక పదేసిసార్లు రాయించడం సంగతి. ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, వేరే ఊళ్ళో, ప్రతి తప్పుకీ ఇంపోజిషన్ ఇచ్చేదాన్ని. నోట్‌బుక్ నిండా ఎర్ర ఇంకు. ఒక బాబు జులైలో ఏనుగు గురించి ఆరు వాక్యాలు రాశాడు, సగం పదాలు తప్పులే. డిసెంబర్‌లో అదే టాపిక్ మళ్ళీ ఇస్తే 'ఐ లైక్ డాగ్' అని ఒక్క వాక్యం రాసిచ్చాడు. ఒక్క తప్పూ లేదు. బాగుపడ్డాడని నేను స్టార్ కూడా పెట్టాను! ఎలిఫెంట్ అని రాస్తే పదిసార్లు రాయాల్సి వస్తుందని కుక్కతో సరిపెట్టుకున్నాడని అర్థమయ్యేసరికి ఆ ఏడాది అయిపోయింది.

అలాగని తప్పుల్ని వదిలేయమనడం లేదు. ముందు అందులో ఏది కరెక్టో చూపించండి. వై-ఇ-జి రాసిన పాపతో "చివర గ్ శబ్దం బాగా పట్టుకున్నావు. ముందు వై వద్దు, తర్వాత జి రెండుసార్లు" అంటే ఆ పదంలో సరిచేసుకోవాల్సింది కాస్తే అని తనకే తెలుస్తుంది. పదాల్ని విడివిడిగా కాకుండా గుంపుగా నేర్పండి. లైట్, నైట్, రైట్, ఫైట్ అన్నిటికీ చివర ఐ-జి-హెచ్-టి. బ్యాక్, నెక్, డక్‌లలో పొట్టి అచ్చు తర్వాత సి-కె వస్తుంది. కేక్, లేక్‌లలో శబ్దం పొడుగు కాబట్టి కె, చివర పలకని ఇ. సెడ్, వాజ్, వన్ లాంటివి మాత్రం మాట వినని పదాలు, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. అప్పుడు కూడా చూసి పదిసార్లు దించడం కంటే, ఒకసారి చూసి, పలికి, చెయ్యి అడ్డం పెట్టి రాసి, తీసి సరిచూసుకోవడం మేలు. చూసి దించేటప్పుడు చెయ్యి పనిచేస్తుంది గానీ బుర్ర వేరే ఎక్కడో ఉంటుంది.

"నాకు ఇంగ్లీష్ రాదు మేడమ్, నేనెలా నేర్పను?" అని కొందరు అమ్మలు మొహమాటపడుతూ అడుగుతారు. చదవడమంటే అక్షరాల్ని శబ్దంగా మార్చడం, విన్న భాష అర్థం కావడం, ఈ రెండింటి గుణకారమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పారు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. అక్షరాల పని మేం క్లాసులో చూసుకుంటాం. కథ విని అర్థం చేసుకోవడం, "తర్వాత ఏమవుతుంది?" అని ఆలోచించడం తెలుగులో వస్తే ఇంగ్లీష్‌లోనూ పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో రెండు భాషల్లోనూ పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. తెలుగు కథ మీరు చదివి వినిపించండి.

శబ్దాల ఆట కూడా తెలుగులోనే ఆడొచ్చు, వంట చేస్తూనే. 'పలక'లో ప తీసేసి చి పెడితే? చిలక. మొ పెడితే? మొలక. అ పెడితే? అలక. ఇది బాగా వచ్చాక ఇంకో మెట్టు: కా, కీ, కూ మూడింటిలో మారకుండా ఉన్న శబ్దం ఏది? 'క్' అని చెప్పగలిగితే ఇంగ్లీష్ ఫోనిక్స్‌కి కావాల్సింది వచ్చేసినట్టే. గుణింతాలు వల్లె వేయించిన మన తాతమ్మలు అదే పని చేశారు మరి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. సెకండ్ క్లాస్ అయిపోవస్తున్నా తెలుగులో గానీ ఇంగ్లీష్‌లో గానీ శబ్దానికీ అక్షరానికీ లంకె కుదరకపోతే, బద్ధకమని తిట్టకుండా మాకు చెప్పండి. ముందు కళ్ళు, చెవులు చెక్ చేయిద్దాం. డిస్‌లెక్సియా లాంటిది ఉంటే అది తెలివికి సంబంధించింది కాదు, నేర్పే పద్ధతి మార్చాల్సి ఉంటుంది, అంతే.

ఆ పాప సంగతి చెప్పాలి కదా. వాళ్ళమ్మగారు నెలరోజులు ఇంపోజిషన్ ఆపారు. మొన్న 'మై గ్రాండ్‌మదర్' అని రాయమంటే అరపేజీ రాసింది. అమ్మమ్మగారి గేదె తాడు తెంపుకుని పక్కింటి వరిచేలో పడిన గొడవంతా ఉంది అందులో. 'బఫలో'కి బి-యు-ఎఫ్-ఎల్-ఒ అని రాసింది. వాళ్ళమ్మగారు ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని, అక్కడే నిలబడి అమ్మమ్మగారికి పంపించారు. ఎగ్ మాత్రం ఇంకా వై-ఇ-జినే.