మజిలీ

'మంజిల్' అనే అన్యదేశ్యం తెలుగువారి నోట 'మజిలీ' అయింది. ఒక దినంలో నడవదగిన దూరమనీ, అంత దూరం నడిచి ఆగే చోటనీ దీనికి రెండర్థాలున్నాయి. రైళ్లు లేని కాలంలో కాశీకి బయలుదేరినవారికి ప్రయాణమంటే వరుసగా మజిలీలు చేయడమే. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ఈ అలవాటునే ఆధారం చేసుకున్నాయి. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ ఒక గొల్లపిల్లవాణ్ణి తోడు తీసుకొంటాడు. మజిలీ చేసిన ప్రతి ఊళ్లోనూ తాను చూసిన వింతకు కారణం చెప్పాలని ఆ పిల్లవాడు షరతు పెడతాడు. ఊరు తిరిగి వచ్చి ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న నుండి కథ పుడుతుంది. ఆగి చూసినవాడికే అడగడానికి ప్రశ్న దొరుకుతుందన్న సత్యం ఆ గ్రంథ నిర్మాణంలోనే ఉంది.

ఏనుగుల వీరాస్వామయ్య దీనికి చారిత్రకమైన ఉదాహరణ. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న తల్లితో, భార్యతో, పెద్ద పరివారంతో కాశీయాత్రకు బయలుదేరాడు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. దారిలో తిరుపతిలోనూ, తిరుమలలోనూ ఆగాడు. కడప, హైదరాబాదుల మీదుగా ఉత్తరానికి సాగాడు. కొంతదూరం గంగపై పడవలో పయనించి, తిరుగు ప్రయాణంలో తూర్పుతీరపు పట్టణాలను చూశాడు. ప్రతి మజిలీలోనూ నీటి వసతి ఎట్లున్నది, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటున్నదా, దారి ఎటువంటిది అని విచారించి రాసుకొన్నాడు. ఆ రాతలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపేవాడు. వీరాస్వామయ్య 1836లో మరణించగా, 1838లో ఆ మిత్రుడే వాటిని 'కాశీయాత్ర చరిత్ర'గా ప్రకటించాడు. ఆయన కొండకు వచ్చిననాడు తిరుమల ఆలయ పాలన ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది; 1843లో అది హథీరాంజీ మఠానికి సంక్రమించింది. భక్తితో మొక్కుతూనే లోకాన్ని గమనించిన యాత్రికుడాయన.

కొండదారిలో ఆగడం వల్ల తెలుగు సాహిత్యానికి కలిగిన మేలును తాళ్లపాక చిన్నన్న తన తాత చరిత్రలో చెప్పాడు. బాలుడైన అన్నమయ్య కొండ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గరకు వచ్చేసరికి ఆకలితో అలసిపోయాడు. చెప్పులైనా విప్పక వెదురుపొద నీడలో ఒక బండపై నిద్రించాడు. అలమేలుమంగ కనిపించి, ఆ కొండ సాలగ్రామమయమనీ, చెప్పులు విడిచి ఎక్కమనీ చెప్పి, ప్రసాదం పెట్టిందట. సేదతీరిన బాలుడు అమ్మవారిపై శతకం చెప్పాడని ఆ చరిత్ర పలుకుతుంది. అలసట ఒప్పుకొని కూర్చున్న చోట కవిత్వం మొదలైంది.

1944లో ఘాట్‌రోడ్డు ఏర్పడే వరకు కొండకు నడక, డోలీ తప్ప వేరే మార్గం లేదు. నేడు బస్సు గంటలోపే పైకి చేరుస్తుంది. అయితే మిగిలిన కాలం ఏమవుతున్నది? గంటల తరబడి వరుసలో నిలిచి, క్షణకాలం స్వామిని చూసి, లడ్డూ చేతపట్టుకొని వెంటనే బస్సుకోసం పరుగెత్తేవారే ఎక్కువ. దేవస్థానం గది సాధారణంగా ఒక దినానికి ఇస్తుంది. ఆ ఒక్క దినంలోనే పుష్కరిణి మెట్లపై కాసేపు కూర్చోవచ్చు. ఆ గట్టునే ఉన్న వరాహస్వామిని ముందుగా సేవించే ఆచారమెందుకో తెలుసుకోవచ్చు. ఆలయానికి సుమారు కిలోమీటరు దూరంలో, గాలివానల కోతకు తోరణంలా నిలిచిన రాతిని చూడవచ్చు. 1985లో మొదలైన ఉచిత అన్నదానం నేడు తరిగొండ వెంగమాంబ పేరిట ఉన్న భవనంలో సాగుతున్నది. అక్కడ భోంచేస్తూ ఆ కవయిత్రి ఎవరని పక్కవారిని అడగవచ్చు. వీటిలో దేనికీ ధనం అక్కర లేదు.

ఇదే పరీక్ష సముద్రయాత్రికునికీ ఎదురవుతుంది. 2022 జూన్‌లో ఒక విహారనౌక చెన్నై నుండి విశాఖపట్నం వచ్చింది. అటువంటి నౌక రేవులో నిలిచేది కొన్ని గంటలే. ఆ వ్యవధిలో పట్టిక పెట్టుకొని పది చోట్లకు పరుగెత్తే ప్రయాణికుడికి ఛాయాచిత్రాలు మిగులుతాయి. తీరాన ఉన్న 'కుర్సురా' జలాంతర్గామిలోకి దిగి, 1969 నుండి 2001 వరకు అందులో పనిచేసిన నావికులు అంత ఇరుకులో ఎట్లా బతికారోనని ఆలోచించి, తరువాత ఇసుకలో తీరిగ్గా కూర్చుని జాలరుల వలలు చూసినవాడికి ఒక ఊరు మిగులుతుంది.

తొందరపడేవారినందరినీ తప్పుపట్టరాదు. ఒక్క దినం ఆగితే కూలి పోయేవారున్నారు. మరునాడు పరీక్ష ఉన్న విద్యార్థి ఉంటాడు. వారి పరుగుకు కారణం పేదరికం, బాధ్యత. తీరిక ఉండి కూడా పరుగెత్తేవారి సంగతి వేరు. వారు పోగొట్టుకొనేది తమకు దక్కిన దినాన్నే. వీరాస్వామయ్యకు పదిహేను నెలలు దొరికాయి. నేటి యాత్రికుడికి దొరికేది ఒక్క పూట. ఆ పూటలో ఒక్క చోటు తీరిగ్గా చూసి, ఒక్క ప్రశ్న అడిగినా, గొల్లపిల్లవాడి వలె అతడు కథతో ఇల్లు చేరుతాడు.

కఠిన పదాలకు అర్థాలు

అన్యదేశ్యం : ఇతర భాషల నుండి వచ్చిన పదం
దుబాసీ : రెండు భాషలు తెలిసి అనువదించి చెప్పేవాడు
సంక్రమించు : ఒకరి నుండి మరొకరికి చేరు
జలాంతర్గామి : నీటిలోపల సంచరించే నౌక

అభ్యాసం

1. తిరుమలలో ఒక దినాన్ని ఎట్లా గడపవచ్చునో పాఠం ఆధారంగా వివరించండి.
2. వీరాస్వామయ్య యాత్రను గురించి సంగ్రహంగా రాయండి.
3. సందర్భసహిత వ్యాఖ్య రాయండి : "అలసట ఒప్పుకొని కూర్చున్న చోట కవిత్వం మొదలైంది."
4. తొందరపడేవారినందరినీ ఎందుకు తప్పుపట్టరాదు? మీ అభిప్రాయం తెలపండి.