తల్లి పక్షిని విడిచిపెట్టు

వాక్య పఠనం: ద్వితీయోపదేశకాండము 22:6-7



బైబులు గ్రంథంలోని పెద్ద ఆజ్ఞలు మనకు కంఠస్థమే. చిన్న ఆజ్ఞలను చదివి దాటిపోతుంటాం. అటువంటి ఒక చిన్న ఆజ్ఞను ఈ వారం ధ్యానిద్దాం. దారిలో చెట్టుమీద గాని నేలమీద గాని పక్షిగూడు కనబడి, తల్లి తన గుడ్లమీద లేక పిల్లలమీద కూర్చొని ఉంటే, ఆ తల్లిని పట్టుకోరాదని మోషే ధర్మశాస్త్రం శాసిస్తున్నది. పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలి. అలా చేసినవారికి మేలు, దీర్ఘాయువు కలుగుతాయని వాగ్దానం. తల్లిదండ్రులను గౌరవించే వారికి దేవుడు చేసిన వాగ్దానం కూడా ఇదే (ద్వితీ 5:16). ఒక పక్షిగూటికి దేవుడు ఎంత విలువ ఇచ్చాడో చూడండి!

దీని భావమేమి? సృష్టిని వాడుకోవచ్చు, దాని మూలాన్ని తెంచరాదు. తల్లి మిగిలితే మళ్లీ గుడ్లు పెడుతుంది. తల్లిని కూడా తీసుకుంటే ఆ గూడు ఇక ఖాళీయే.

మన జిల్లాలో

ఆమదాలవలసలో రైలెక్కి నౌపడ వైపు వెళ్లేవారికి తేలినీలాపురం పేరు తెలిసే ఉంటుంది. టెక్కలి మండలంలోని ఈ ఊరికి ఏటా వానాకాలం ముగిసే వేళకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. చింత మొదలైన చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఇవి సైబీరియా పక్షులని చాలామంది అంటారు గాని గూడబాతు మన దక్షిణాసియా పక్షే. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి తొలకరి రోజుల్లో నత్తలు తినే కొంగలు వస్తాయి. రెట్టల వాసన, రాత్రింబగళ్లు అరుపులు ఉన్నా, ఆ పక్షుల రాక ఊరికి శుభమని భావించి గ్రామస్థులు వాటి జోలికి పోరు. పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞ చదవనివారు కూడా దానిని పాటిస్తున్నారు. చదివిన మన సంగతేమిటి?

మన సముద్రతీరానికి చలికాలం చివర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను కూడా తలచుకోవాలి. ఒక్కొక్క తల్లి ఇసుకలో గొయ్యి తీసి సుమారు వంద గుడ్లు పెడుతుంది. తాబేలు గాలి పీల్చే జీవి. వలలో చిక్కి నీటి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. అలా చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకు రావడం మన మత్స్యకార కుటుంబాలు ఎరిగినదే.

మారిషస్ నేర్పిన పాఠం

పందొమ్మిదవ శతాబ్దంలో కోరంగి మొదలైన రేవుల నుంచి మన తెలుగువారు చెరకుతోటల పనికి మారిషస్ దీవికి వెళ్లారు. వారు అక్కడికి చేరేనాటికే ఆ దీవిలో డోడో పక్షి లేదు. ఎగరలేని ఆ పక్షి నేలమీద గుడ్లు పెట్టేది. ఓడలతో వచ్చిన పందులు, ఎలుకలు ఆ గుడ్లను తినివేశాయి. డచ్చివారు 1598లో దిగిన తరువాత ఒక శతాబ్దంలోపే ఆ జాతి అంతరించింది.

అదే దీవిలోని చిన్న డేగ 1974 నాటికి అడవిలో నాలుగు మాత్రమే ఉన్నట్లు తెలిసింది. 1979లో అక్కడికి వెళ్లిన కార్ల్ జోన్స్ అనే శాస్త్రవేత్త గూటిలోని మొదటి గుడ్లను తీసి, వెచ్చని పెట్టెలో పొదిగించాడు. తల్లి మళ్లీ గుడ్లు పెట్టింది. నేడు ఆ డేగలు వందల్లో ఉన్నాయి. తల్లి ఉన్నది గనుకనే అది సాధ్యమైంది. డోడోకు ఆ అవకాశం లేకపోయింది.

మనం చేయగలిగినది

గూడు ఉండాలంటే చెట్టు ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాలో ఎన్ని చెట్లను కూల్చిందో చూశాం. పడిన చింతచెట్టు స్థానంలో మరొకటి ఎదగడానికి ఒక తరం పడుతుంది. కనుక గుడి ఆవరణలోను, సమాధుల తోటలోను పూలమొక్కలతో పాటు చింత, నేరేడు, కానుగ, వేప నాటండి. గూళ్లున్న కాలంలో కొమ్మలు నరకకండి. రామచిలుకలను కొని పంజరంలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. మన మూలంగా నశించిన ప్రతి జీవజాతి దేవుని మహిమపరచే ఒక స్వరం ఆగిపోవడమేనని దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు 2015 నాటి విశ్వలేఖలో మనకు బోధించారు.

యెరూషలేమును చూచి దుఃఖించినపుడు ప్రభువు తనను రెక్కల క్రింద పిల్లలను చేర్చుకొనే కోడితో పోల్చుకున్నారు (మత్త 23:37). తల్లి పక్షి ప్రేమలో తన ప్రేమనే చూపిన ప్రభువు ముందు, మనం ఒక గూటిని తేలికగా కూల్చగలమా?

కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి

1. మన ఇంటి చుట్టూ ఏ పక్షులు గూళ్లు కడుతున్నాయి? పిల్లలకు వాటి పేర్లు తెలుసా?
2. మన పెద్దల కాలంలో కనబడి, నేడు కనబడని పక్షి, చెట్టు ఏవి?
3. ఈ సంవత్సరం మన విచారణలో ఏ చెట్టు నాటుదాం? నీళ్లు ఎవరు పోస్తారు?