లక్కపిడతలకి ఒక ఆన్‌లైన్ కొట్టు

ఫ్రెండ్స్, మన బ్రాంచ్‌లో ఎవరిని అడిగినా రెండు రోజుల్లో ఒక షాపింగ్ వెబ్‌సైట్ తయారుచేసి చూపిస్తారు. కార్ట్, లాగిన్, పేమెంట్ బటన్ అన్నీ ఇప్పుడు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. కానీ ఆ వెబ్‌సైట్‌లో చేత్తో చేసిన ఒక బొమ్మని పెట్టి, అది నిజంగా అమ్ముడై, చేసినవాళ్ళకి కూలి గిట్టాలంటే ఏం చెయ్యాలి? ఈ పాఠం దాని గురించి. ఇందులో కోడ్ లేదు. లెక్కలు ఉన్నాయి గానీ భయపడకండి, అవి ఏడో తరగతి శాతాలే.

ఉదాహరణకి ఒకే వస్తువు తీసుకుందాం: ఏటికొప్పాక లక్కపిడతలు. చిన్నప్పుడు ఆడపిల్లలు వంటాట ఆడుకునే బుల్లి గిన్నెలు, చెంబులు, పొయ్యి, తిరగలి. మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నవే.

1. ముందు వస్తువు తెలియాలి

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ బొమ్మలకి అంకుడు కర్ర వాడతారు. అది మెత్తని కర్ర, ఉలికి బాగా లొంగుతుంది. కర్రని లేత్ మీద గిర్రున తిప్పుతూ ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. బ్రష్ పని దాదాపు ఉండదన్నమాట.

సహజ రంగులు వాడేవాళ్ళు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి వాటి నుంచి రంగులు తీస్తారు. ఈ సహజ రంగుల మీద ఎన్నో ఏళ్ళు పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది.

ఈ సంగతులన్నీ జనరల్ నాలెడ్జ్ కోసం చెప్పడం లేదు. కొనేవాళ్ళ ప్రశ్నలకి జవాబులు ఇందులోనే ఉన్నాయి. "రెండు గిన్నెల రంగు ఒకేలా ఎందుకు లేదు?" "ప్లాస్టిక్ సెట్టు చవగ్గా వస్తుంటే ఇది ఇంత ఖరీదెందుకు?" సంతలో అయితే అమ్మే ఆమె చేతిలో పెట్టి చూపిస్తుంది, మాటల్లో చెప్తుంది. ఆన్‌లైన్‌లో ఆ మాటలన్నీ ప్రొడక్ట్ పేజీయే చెప్పాలి.

2. ధర: ఎక్కువమంది తప్పు చేసే చోటు

ఒక సెట్టు లెక్క వేద్దాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి. మీరు అసలు లెక్క వేసేటప్పుడు చేసేవాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసుకోవాలి.

కర్ర: 60 రూపాయలు
లక్క, రంగు: 40
కరెంటు, ఉలి అరుగుదల: 20
పెట్టె, కాగితం, టేపు: 40
ఫోటోలు, ఫోన్లు, ఆర్డర్ చూసే పని: 50
కొరియర్: 90
చేసినవాళ్ళ కూలి, 4 గంటలు, గంటకి 100: 400

మొత్తం 700. ఇది అసలు ఖర్చు, లాభం ఇంకా కలపలేదు.

ఇప్పుడు ఈ సెట్టుని ఒక పెద్ద ప్లాట్‌ఫామ్‌లో పెట్టామనుకోండి. వాళ్ళ కమిషన్ 20 శాతం అనుకుందాం. చాలామంది వెంటనే 700కి 20 శాతం కలిపి 840 అని పెట్టేస్తారు. చూడ్డానికి కరెక్టుగానే ఉంటుంది. కానీ కమిషన్ తీసేది 700 మీద కాదు, 840 మీద. 840లో 20 శాతం 168. మన చేతికి వచ్చేది 672. అంటే 28 రూపాయలు తక్కువ.

సరైన పద్ధతి కలపడం కాదు, భాగించడం. 700ని 0.8తో భాగిస్తే 875 వస్తుంది. అందులో కమిషన్ 175 పోతే సరిగ్గా 700 మిగులుతుంది. పేమెంట్ గేట్‌వే ఛార్జీకీ, ఇంకే శాతానికైనా ఇదే సూత్రం.

ఇక అసలు ప్రశ్న. ఆ తగ్గిన 28 రూపాయలు ఎవరి జేబులోంచి పోయాయి? కొరియర్ వాడు తన 90 తీసుకున్నాకే పార్సిల్ కదిలింది. పెట్టెల షాపతనికి ముందే ఇచ్చేశాం. కర్ర అప్పు పెట్టరు. ప్లాట్‌ఫామ్ తన వాటా కోసుకునే మనకి పంపుతుంది. అందరూ తమది తాము తీసుకున్నాక చివర్లో మిగిలేదే కూలి. అందుకని లెక్కలో ఏ తప్పు జరిగినా, ఎవరు చేసినా, అది వెళ్ళి పడేది ఆ ఒక్క గీత మీదే. 400 కాస్తా 372 అవుతుంది. ఎవరూ దొంగతనం చెయ్యలేదు, కానీ డబ్బు పోయింది.

ఈ పాఠంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే అయితే, అది ఇదే. చేతిపని అమ్మే కొట్టులో కూలి అనేది మిగిలితే ఇచ్చేది కాకూడదు. ముందే రాసి పెట్టుకున్న అంకె కావాలి. మన భాషలో చెప్పాలంటే అది వేరియబుల్ కాదు, కాన్‌స్టంట్.

3. డిస్కౌంటు, ఫ్రీ డెలివరీ, క్యాష్ ఆన్ డెలివరీ

పండగ సేల్ వచ్చింది, పది శాతం డిస్కౌంటు ఇద్దామన్నారు. పదే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. 875లో 10 శాతం పోతే 787 రూపాయల 50 పైసలు. దానిలో 20 శాతం కమిషన్ పోగా 630. కూలి కాక మిగతా ఖర్చులు 300. ఇక కూలికి మిగిలింది 330. అంటే కొనేవాళ్ళకి 10 శాతం తగ్గింపు, చేసినవాళ్ళకి పదిహేడున్నర శాతం కోత.

డిస్కౌంటు ఇవ్వకూడదని కాదు. దేనిలోంచి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. రెండు సెట్లు ఒకే చిరునామాకి వెళ్తే ఒక పెట్టె, ఒక కొరియర్‌లో కొంత ఖర్చు నిజంగానే మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని తగ్గింపుగా ఇస్తే ఎవరికీ నష్టం లేదు. "రెండు కొంటే తగ్గింపు" అన్నది చేతిపనికి "అన్నిటి మీద పది శాతం" కన్నా మంచి ఆఫర్.

ఫ్రీ డెలివరీ కూడా ఇంతే. కొరియర్ ఖర్చు ధరలో కలిపి "ఫ్రీ" అంటే సరే. కలపకుండా అంటే ఆ 90 కూలిలోంచే పోతుంది.

క్యాష్ ఆన్ డెలివరీలో ఇంకో చిక్కు ఉంది. పార్సిల్ వెళ్ళాక "ఇప్పుడొద్దండీ" అంటే వెళ్ళిన ఖర్చు 90, తిరిగొచ్చే ఖర్చు ఇంకో 90 అనుకుందాం, పెట్టె 40. మొత్తం 220 పోయినట్టే. పదింట్లో ఒకటి అలా తిరిగొస్తే, అమ్ముడైన తొమ్మిదింటి మీదా తలా 24 రూపాయల పైన భారం. చిన్న కొట్టు మొదట్లో యూపీఐతో ముందే డబ్బు తీసుకోవడం మేలు. నమ్మకం కుదరాలంటే ప్యాకింగ్ ఫోటో, ట్రాకింగ్ నంబర్ వాట్సాప్‌లో పంపండి.

4. ఫోటో, వర్ణన

కొనేవాళ్ళు ముట్టుకోలేరు. ఆ లోటు ఫోటోలే తీర్చాలి. ఫ్లాష్ వద్దు, లక్క మెరుపు మీద తెల్ల మచ్చలు పడతాయి. పొద్దున్నపూట కిటికీ పక్కన సాదా గుడ్డ పరిచి తీస్తే చాలు. కనీసం అయిదు ఫోటోలు ఉండాలి: మొత్తం సెట్టు, దగ్గర్నుంచి ఒక్క గిన్నె, అడుగుభాగం, అరచేతిలో పెట్టుకున్నది, పెట్టెలో సర్దినది. అరచేతి ఫోటో మర్చిపోకండి. "ఇంత చిన్నదనుకోలేదు" అనే ఫిర్యాదుని ఆ ఒక్క ఫోటో ఆపుతుంది. అయినా కొలతలు సెంటీమీటర్లలో రాయాల్సిందే.

వర్ణనలో "అద్భుతమైన", "అపురూపమైన" లాంటి మాటలు ఎన్ని పెట్టినా ఏమీ చెప్పినట్టు కాదు. దాని బదులు ఇలా రాయండి: "అంకుడు కర్రతో, లేత్ మీద చేసిన 12 పిడతలు. లక్క పూత. ఒక్కోటీ విడిగా చేస్తారు కాబట్టి రంగులో, అంచులో చిన్న తేడాలుంటాయి. నీళ్ళలో నానబెట్టవద్దు, ఎండలో వదిలెయ్యవద్దు. చిన్న ముక్కలున్నాయి కాబట్టి మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వవద్దు." ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా చదివితే నమ్మకం కలుగుతుంది.

సహజ రంగులని చేసినవాళ్ళు చెప్తేనే ఆ మాట రాయండి. సేల్ కోసం మనమే కలిపితే, నిజంగా సహజ రంగులు వాడేవాళ్ళందరి పేరూ పోతుంది.

5. నలుగురికీ తెలిసేదెలా?

మొదటిది పేరు. ఏటికొప్పాకని ఇంగ్లిష్‌లో కొందరు 'ఇ'తో మొదలుపెడతారు, కొందరు 'వై'తో. కొందరు రెండు 'పి'లు రాస్తారు, కొందరు ఒకటే. వెతికేవాళ్ళు ఏ స్పెల్లింగ్ కొడతారో మనకి తెలీదు. అందుకని పేజీలో సహజంగా ఇమిడేట్టు రెండు మూడు రూపాలు ఉండనివ్వండి. 'లక్కపిడతలు' అన్న మాట తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ ఉండాలి. దూరదేశంలో ఉన్న తెలుగువాళ్ళు కూతురి కోసం వెతికేటప్పుడు గుర్తొచ్చేది ఆ మాటే.

రెండోది వీడియో. తిరుగుతున్న కర్రకి లక్క ఆనగానే రంగు పట్టీ పుట్టుకురావడం పదిహేను సెకన్లలో అయిపోతుంది. దానికి సినిమా పాట అక్కర్లేదు, లేత్ శబ్దం చాలు. కాకపోతే చేసేవాళ్ళని అడిగి తీయండి. ముఖం చూపించాలా, పేరు వెయ్యాలా అన్నది వాళ్ళిష్టం.

మూడోది కాలెండర్. ఆంధ్ర వైపు చాలా ఇళ్ళల్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు, కొన్ని ఇళ్ళల్లో దసరాకి. వారం ముందు పోస్టు పెడితే లాభం లేదు. బొమ్మ చెయ్యడానికి, చేరడానికి టైం కావాలి. కనీసం నెలన్నర ముందే మొదలుపెట్టాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఒక వీడియో బాగా తిరిగి ఒక్కరోజులో 200 ఆర్డర్లు వస్తే సంబరమే. కానీ సెట్టుకి 4 గంటల లెక్కన అవి 800 గంటల పని. ఇద్దరు మనుషులు రోజుకి 8 గంటలు చేసినా 50 రోజులు. మన డేటాబేస్‌లో స్టాక్ అంటే ఒక అంకె, ఇక్కడ స్టాక్ అంటే మనిషి చెయ్యి. అందుకని వారానికి ఎన్ని చెయ్యగలరో అడిగి, అన్ని ఆర్డర్లకే బటన్ తెరిచి ఉంచండి. "చేసి పంపడానికి 15 రోజులు" అని ముందే చెప్తే చాలామంది ఆగుతారు. చెప్పకుండా ఆలస్యం చేస్తేనే కోపం.

6. పెట్టె లెక్క

చాలా కొరియర్ కంపెనీలు బరువుతోపాటు సైజు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే అంకెని కిలోల బరువుగా లెక్కేస్తారు. అసలు బరువు, ఈ బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టె అయితే 1.8 కిలోలు. లోపల సెట్టు 300 గ్రాములే ఉన్నా సరే. అదే సెట్టుని 20, 15, 10 పెట్టెలో సర్దగలిగితే 0.6 కిలో. పెట్టె మార్చడం వల్ల మిగిలే డబ్బు ఎక్కడికి చేరుతుందో మీకిప్పుడు తెలుసు.

చిన్న పెట్టె అన్నాం కదా అని కుక్కెయ్యకూడదు. ఒక్కో పిడతకీ విడిగా కాగితం చుట్టాలి, లేకపోతే ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయి. గుండ్రని లక్క బొమ్మలు కాస్త మొండివి. అదే కొండపల్లి బొమ్మలైతే వేరు. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి అతికిస్తారు. అంబారీ ఏనుగు తొండం దగ్గర ఒక వేలంత ఖాళీ ఉంచి కాగితం నింపాలి. వస్తువుని బట్టి పెట్టె, అంతేగానీ పెట్టెని బట్టి వస్తువు కాదు.

7. కాగితాలు

ఇది బోరింగే గానీ వదలకూడదు. బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు ఉండాలన్న నిబంధన 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి మీరు సాయం చేసే ఇంట్లో కళాకారుల గుర్తింపు కార్డు, అదే పహచాన్ కార్డు, ఉందో లేదో ముందు అడగండి. లేకపోతే మీ మొదటి పని వెబ్‌సైట్ కాదు, ఆ దరఖాస్తు.

జీఎస్టీ విషయంలో, పెద్ద ప్లాట్‌ఫామ్‌ల ద్వారా సొంత రాష్ట్రం లోపల మాత్రమే సరుకు అమ్మే చిన్నవాళ్ళు 2023 అక్టోబర్ 1 నుంచి పూర్తి నమోదు లేకుండా ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో అమ్ముకోవచ్చు. రాష్ట్రం దాటితే నియమాలు మారతాయి. ఒకసారి అకౌంటెంట్ దగ్గర కూర్చుని తేల్చుకోండి.

హోంవర్క్

ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ చుట్టుపక్కల చేత్తో వస్తువులు చేసేవాళ్ళు ఒకర్ని వెతకండి. బుట్టలు అల్లేవాళ్ళు కావచ్చు, కుండలు చేసేవాళ్ళు కావచ్చు, లేసులు అల్లే పిన్ని కావచ్చు. లాప్‌టాప్ తియ్యకండి. నోట్‌బుక్కులో ఒక వస్తువుకి పైన ఉన్న ఏడు వరుసలూ రాయండి. ఏడో వరుస దగ్గర "మీకు గంటకి ఎంత రావాలి?" అని అడగండి.

చాలామంది నవ్వేసి "ఎంతో కొంత, మీరే వెయ్యండి బాబూ" అంటారు. ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు. మీరు మాత్రం అంకె చెప్పేదాకా కదలకండి. ఆ అంకె రాసుకున్నాకే వెబ్‌సైట్ మొదలుపెట్టండి.