బుట్ట బొమ్మను మనమే కట్టుకొనుట

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవపు ఊరేగింపులో రెండు పెద్ద బొమ్మలు నడచినవి. వానిని పట్టణము నుండి అద్దెకు తెచ్చితిమి. నిలువెల్ల స్పాంజి, దానిపై దట్టమైన కృత్రిమపు బొచ్చుగుడ్డ, చూచుటకు బొమ్మ నోటిలో చిన్న రంధ్రము. ఒక బొమ్మలో తొమ్మిదవ తరగతి బాలుడు ఉండెను. అంగడి వీధి దాటుసరికి బొమ్మ అడుగులు తడబడినవి. చూచువారు అది నాట్యమనుకొని చప్పట్లు కొట్టిరి. మేమును అట్లే అనుకొంటిమి. తల ఊడదీసి చూడగా బాలుని ముఖము పాలిపోయి యుండెను, మాట తడబడుచుండెను. నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడిచి, నీరిచ్చిన పిమ్మట తేరుకొనెను. ఆ సాయంకాలము వాని తల్లి మమ్ము అడిగిన ప్రశ్న ఒక్కటే: “అయ్యవారూ, లోపల పిల్లవాడు ఎట్లున్నాడో బయటి వాళ్లకు ఎట్ల తెలుస్తుంది?” అప్పుడు మాయొద్ద సమాధానము లేదు. ఈ పాఠమును ఆమె ప్రశ్నకు బదులుగా వ్రాయుచున్నాము.

మనుష్యుడు లోపల దూరి నడుచు బొమ్మ మనకు క్రొత్తది కాదు. కర్ణాటకమున దీనిని గారుడి గొంబె అందురు. మైసూరు దసరా ఊరేగింపులో మీలో పలువురు చూచియుందురు. సముద్రతీర మండలములలో తట్టిరాయ అని పేరు. వెదురు బద్దల అల్లికకు వస్త్రము తొడిగి, కాగితపు గుజ్జుతో చేసిన ముఖమును పైన నిలుపుదురు. ఎత్తు 10 నుండి 12 అడుగులు, బరువు 35 నుండి 40 కిలోలు. ఆరితేరిన పెద్దలు మోయు బరువది. ఆంధ్రమున తణుకు ప్రాంతపు బుట్ట బొమ్మలును ఈ జాతివే. మేము ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రమున నున్న కాలమున వానిని ఒక జాతరలో చూచి, “ఇవి మన గొంబెలే గదా!” అనుకొంటిమి. గొంబె, బొమ్మ అనునవి ఒకే మాటకు రెండు రూపములు. కన్నడమున బొంబె అనియు కలదు. గారుడి యనగా మన గారడియే. తెలుగు వ్యాసములో గొంబె అని వ్రాసిన బాలికకు మేమొకప్పుడు ఎఱ్ఱసిరాతో గీత పెట్టితిమి. ఇప్పుడైనచో పెట్టము.

ఇక కొనుటయా, కట్టుటయా? అరువు తెచ్చుటలో అవమానమేమియు లేదు. 1955 జూలై 17వ తేదీన అమెరికాలో డిస్నీలాండ్ ఉద్యానము ప్రారంభమైనప్పుడు అందు తిరిగిన బొమ్మల వేషములే ఐస్ కపేడ్స్ అను మంచునాట్య బృందము నుండి తెచ్చినవి. అయితే అంగడిలోని వేషము ఎవరి కొలతకును కుట్టబడినది కాదు. దానిలో నిముడుటకు పిల్లవాడే వంగవలెను, మెడ చాచవలెను, ఊపిరి బిగబట్టవలెను. ఈ ఏడు మేము మన ఊరి మేదరి పెద్దాయన యొద్దకు పోయి, ఎనిమిదడుగుల బొమ్మకు ఎన్ని వెదుళ్లు కావలెనని అడుగగా, ఆయన కత్తి ప్రక్కన పెట్టి, “ముందు మోసే పిల్లవాణ్ణి పిలుచుకొని రాండి సామీ, వెదురు సంగతి తర్వాత చూస్తాము” అనెను. మాకు తెలియవలసిన పాఠమంతయు ఆ మాటలోనే యున్నది.

బరువుతో మొదలిడితిమి. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన బడిసంచి విధానము ప్రకారము సంచి బరువు పిల్లవాని బరువులో పదవ వంతు మించరాదు. బొమ్మకును అదే కొలత పెట్టుకొంటిమి. ఎన్నుకొన్న పదవ తరగతి బాలుని బరువు 52 కిలోలు. కనుక బొమ్మ 5 కిలోలకు లోబడవలెను. ఈ లెక్కతో ఎనిమిదడుగుల కోరిక ఏడడుగులకు దిగెను. కొందరు విద్యార్థులు చిన్నబుచ్చుకొనిరి గాని త్రాసు ఎవరి మాట వినును?

అడుగు చుట్టు వ్యాసము 3 అడుగులు. గణితము పాఠము ఇక్కడ పనికివచ్చెను: చుట్టుకొలత సుమారు తొమ్మిదిన్నర అడుగులు, కొనలు ఒకదానిపై నొకటి కట్టుటకు మరియొక అడుగు. నడుము చుట్టు 2 అడుగులు. బద్దలను చీల్చి, కణుపులు చెక్కి, పేళ్లు గ్రుచ్చుకొనకుండ నునుపుగా గీసి, నీట నానవేయవలెను. నానిన బద్ద విరుగక వంగును. అడుగు చుట్టు నేలకు జానెడు ఎత్తున ఉండవలెను, లేనిచో పాదము చిక్కుకొనును. బొమ్మ భారమంతయు భుజములపై బడకుండ, లోపల నడుము చుట్టు వెడల్పాటి నవారు పట్టీ కట్టి, దానికి చట్రమును బిగించితిమి. భుజములపై పట్టీలు బొమ్మ ఊగకుండ పట్టుటకు మాత్రమే. తల ఎంత తేలికయైన అంత మేలు. పైన బరువున్నచో గురుత్వ కేంద్రము పైకి పోయి, చిన్న గాలికే బొమ్మ ఒరుగును.

తల చేయుటలో మేమొకసారి ఓడిపోతిమి. బోర్లించిన కుండపై మొదటి పొర కాగితమును ఉత్త నీటితో అతికి, ఆపై మైదా జిగురుతో పొరలు వేయవలెను. మొదటి పొరకు జిగురు లేనందున తల కుండను విడిచి వచ్చును. ప్రతి పొర ఆరిన తర్వాతనే మరియొకటి. వానకాలమున తొందరపడి ఒకే దినమున ఆరు పొరలు వేసితిమి. వారము తిరుగునప్పటికి లోపల బూజు పట్టి వాసన కొట్టెను. పారవేయక తప్పలేదు. జిగురులో మైలుతుత్తము కలుపుమని ఎవరో సలహా చెప్పిరి. అది పురుగులను చంపును నిజమే, కాని విషము. పిల్లలు చేతులతో పిసుకు జిగురులో దానిని చేర్చనీయలేదు. రెండవ తలను గాలి ఆడు నీడలో నిదానముగా ఆరబెట్టితిమి.

గాలి, చూపు అను రెండింటికొరకు ఎక్కువ శ్రమపడితిమి. మన దేహము చెమట ఆవిరియగుటచే చల్లబడును. గాలి కదలని చోట ఆవిరి నిలిచిపోవును, చెమట కారును గాని దేహము చల్లబడదు. గత ఏడాది స్పాంజి బొమ్మలో జరిగినది ఇదియే. అందుచే పలుచని నూలు వస్త్రము తొడిగి, అడుగును తెరచియే ఉంచి, బొమ్మ మెడ వద్ద తలపాగా మాటున ఒక ఖాళీ విడిచితిమి. వేడిగాలి పైకి పోవును, చల్లగాలి క్రిందినుండి వచ్చును. వంటింటి పొగగూటి న్యాయమే. చూపునకు బొమ్మ ఎదురురొమ్మున మూరెడు వెడల్పు కిటికీ కోసి, వస్త్రపు రంగే అద్దిన దోమతెర గుడ్డ కుట్టితిమి. లోపల చీకటి, బయట వెలుగు ఉన్నంతవరకు లోనివాడు బయటిని చూడగలడు, బయటివారికి లోన కనబడదు. రాత్రి దీపముల నడుమ చూపు సరిగా ఆనదు గనుక మన ఊరేగింపు సాయంకాలము 5 గంటలకే సాగును. హారతి పళ్లెములు, టపాకాయలు బొమ్మల దరికి రానీయము.

ఇక ఆ తల్లి ప్రశ్న. బొమ్మకు ఇరుప్రక్కల ఇద్దరు తోడు నడుతురు. వారిలో నొకడు నిమిషమునకొకసారి పేరు పెట్టి పిలుచును, లోనివాడు పలుకవలెను. పలుకకున్నచో మరల పిలుచుట లేదు, ఇద్దరును చట్రమును పట్టి ఒక్క ఊపున పైకెత్తవలెను. అందుకే గుండీలు, ముడులు ఏవియు పెట్టలేదు. నడుము పట్టీకి సైతము లాగినంతనే ఊడు కొక్కెము గలదు. పది నిమిషములకు మోయువాడు మారును. ఇంతవరకు ఏడు మార్లు అభ్యాసము చేసితిమి. బొమ్మను ఎత్తుటకు పట్టిన కాలము మొదట ఇరువది క్షణములు, ఇప్పుడు నాలుగు.

తల్లిదండ్రులు సంతకము చేయవలసిన అనుమతి పత్రములను విద్యార్థులతో పంపుచున్నాము. సందేహమున్న వారు శనివారము సాయంకాలము వచ్చి, తామే లోపల దూరి నాలుగడుగులు నడచి చూడవచ్చును. గత సంవత్సరము సొమ్మసిల్లిన బాలుని తల్లి నిన్న వచ్చి నడచినది. బాలుడు మాత్రము ఈసారి బొమ్మలోనికి రానని చెప్పి, ప్రక్కన నడచి పేరు పెట్టి పిలుచు పనికి తన పేరిచ్చినాడు.