చేట ఎవరి చేతిలో నున్నది?

చదువవలసిన భాగము: మత్తయి 3:7–12



చేట లేని ఇల్లు మన పల్లెలలో అరుదు. కోతయంత్రములు వచ్చిన తరువాత కళ్లములో తూర్పారబట్టుట చాలచోట్ల తగ్గినది గాని, వంటింటి గోడకు చేట ఇంకను వ్రేలాడుచునే యున్నది. మేదరవారు వెదురుబద్దలతో అల్లిన చేటను మన తల్లులు పేడతోనైనను, మెంతిపిండి కలిపిన కాగితపు గుజ్జుతోనైనను అలికి యెండబెట్టుదురు. అప్పుడు సందులు మూసికొని నూక సైతము జారిపోదు.

బాప్తిస్మమిచ్చు యోహాను రాబోవు ప్రభువునుగూర్చి చెప్పుచు, ఆయన చేతిలో చేట యున్నదనెను. గ్రీకు మూలములోని మాట, కళ్లములో ధాన్యమును గాలికి ఎగురవేయు పార వంటి పనిముట్టును సూచించును. మన బైబిలులో దానిని చేట అని వేసిరి. మనకు తెలిసినది అదియే గదా. బోయజు యవలను తూర్పారబట్టినది రాత్రివేళ (రూతు 3:2). ఎంత గొప్ప రైతైనను గాలికొరకు కనిపెట్టవలసినదే.

ఆ చేట ఎవరి చేతిలో నున్నదో యోహాను స్పష్టముగా చెప్పెను. అయినను అతడే చెరసాలలో నుండి, రాబోవువాడవు నీవేనా అని తన శిష్యులచేత అడిగించెను (మత్తయి 11:2, 3). పొట్టు కాలుట చూడవలెనని అతడు ఎదురుచూచి యుండునని మేము తలంచుచున్నాము. యేసు అయితే సుంకరులతో భోజనమునకు కూర్చుండెను. ఆయన పంపిన ప్రత్యుత్తరములో గ్రుడ్డివారు, కుంటివారు, కుష్ఠరోగులు, బీదలు ఉన్నారు. పొట్టు మాట లేదు.

ఈ సంగతి వ్రాయుటకు కారణము కలదు. మన సంఘములలో ఒకడు త్రాగుడుకు లోబడినను, ఒక కుటుంబము ఆరు నెలలు ఆరాధనకు రాకున్నను, "వారి పేరు పుస్తకములోనుండి కొట్టివేయుడి, అయ్యగారూ" అను మాట వెంటనే వచ్చును. చెప్పువారు దుష్టులు కారు, మందిరముమీద ప్రేమగలవారే. అయితే ఆ మాట అనుటకు ముందు ఎన్నిసార్లు ఆ యింటి గడప త్రొక్కిరి? మేము అడిగినప్పుడు చాలమంది తల వంచుకొందురు.

ఇంట బియ్యము చెరుగు తల్లిని చూడుడి. ఆమె చేటను ఎగురవేయగా పొట్టు ముందుకు రాలును. పిమ్మట చేటను ప్రక్కలకు ఆడించి నేమును; నూకలు వేరగును, రాళ్లు బయటపడును. అంతటితో లేచిపోదు. రాలిన పొట్టును చేతితో కదిపి, దానిలో పడిన గింజలను కోళ్లు రాకముందే ఏరుకొని మరల చేటలో వేసికొనును. ఆ గింజలు ఆమెవి. వాటి విలువ ఆమెకు తెలియును.

ఇంకొకటి. వరి పాలుపోసికొనునప్పుడు పొట్టు ఊడదీసినయెడల లోపల ఏమి మిగులును? పాలచుక్క మాత్రమే. గింజ గట్టిపడువరకు పొట్టులోనే యుండవలెను. గురుగులను ఇప్పుడే పెరికివేయవద్దని యజమానుడు దాసులతో చెప్పుటలోను గోధుమలమీది చింతయే కనబడుచున్నది (మత్తయి 13:29).

అయితే సంఘమునకు క్రమశిక్షణ అక్కరలేదా? ఉన్నది. కొరింథు సంఘములోని పాపమును పౌలు కప్పిపుచ్చలేదు. ఇతరులకు హాని చేయువానిని ఊరక విడిచిపెట్టుట ప్రేమ కాదు. గాని ప్రభువు మనకిచ్చిన వరుస ఒకటి కలదు: మొదట ఒంటరిగా పోవలెను, తరువాత ఒకరిద్దరిని తీసికొని పోవలెను, అప్పుడే సంఘమునకు తెలుపవలెను (మత్తయి 18:15–17). మనమో కడపటిదానిని మొదట చేయుదుము. రచ్చబండమీద అందరికిని తెలిసిన తరువాత, ఆ మనుష్యునికి తెలియును!

కాబట్టి పెద్దలారా, రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు మీ సంఘములో రాకుండ మానినవారి యిండ్లకు ఒక్కొక్కరు వెళ్లుడి. సాయంకాలము, వారు పొలమునుండి వచ్చి స్నానము చేసిన తరువాత పొండి. పుస్తకము చేతపట్టుకొని పోవద్దు. వారు మంచము వాల్చినయెడల కూర్చుండుడి, మంచినీళ్లిచ్చినయెడల త్రాగుడి. పిల్లలనుగూర్చి, పంటనుగూర్చి అడిగి, వారు ఒప్పుకొనినయెడల ప్రార్థన చేసి రండి.