ఆ బెల్టు విప్పకండమ్మా

ప్రశ్న: మేడం, మాది జిన్నారం. మా ఆయన గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టుల్లో చేస్తాడు. తొలి కాన్పు. పాప ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేసి తీశారు. టీకాకు తీసుకెళ్తే డాక్టరమ్మ తొడలు విడదీసి చూసి, ఎడమ కాలు సరిగా తెరుచుకోవడం లేదంది. స్కానింగ్‌లో తుంటి కీలు కుదురుగా లేదని తేలింది. పావ్లిక్ హార్నెస్ అని పట్టీల బెల్టు వేశారు. రాత్రీపగలూ ఉంచాలి, తాము చెప్పేదాకా విప్పొద్దన్నారు. ఇప్పుడు పాపకు మూడో నెల.

ఇంట్లో రోజూ గొడవే. ‘‘కప్పలెక్క కట్టేసిన్రు పిల్లను. లేత ఎముకలు, నూనె పెట్టి రుద్దితే అవే సర్దుకుంటయ్’’ అంటుంది అత్తమ్మ. మొన్న నేను కునుకు తీస్తే బెల్టు విప్పి, కాళ్లు చాపి లాగి స్నానం పోసింది. మళ్లీ పట్టీలు ఎంత బిగించాలో తెలియక ఏడుస్తూ కూర్చున్నా. పక్కింటామె గ్రహణం రోజు కత్తిపీట ముట్టావా అని అడిగింది. మా ఆయన రాత్రిపూటైనా తీసేద్దామంటాడు. పాపను నేనే హింస పెడుతున్నానా?

– ఒక తల్లి

జవాబు: ఈపాటికే వెళ్లి ఉండకపోతే రేపే డాక్టరుకు చూపించి ఆ పట్టీలు సరిచేయించుకోండమ్మా. ఎక్కడిదాకా బిగించాలో పెన్నుతో గీత పెట్టివ్వమనండి. సొంతంగా బిగించడం, వదులు చేయడం వద్దు.

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఆడపిల్ల, తొలి కాన్పు, ఎదురుకాళ్లు: తుంటి కీలు తప్పే అవకాశం పెరిగేది వీటివల్లే. మూడూ మీ పాపకు ఉన్నాయి. ఎడమవైపే ఎక్కువగా వస్తుంది కూడా. మీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు.

తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగం తుంటిలోని గుంటలో కూర్చోవాలి. కాళ్లు పైకి ముడిచి, విడదీసి ఉంచితే ఆ బంతి ఒత్తిడికి గుంట లోతుగా ఎదుగుతుంది. చెక్ డాక్టరు ఆర్నాల్డ్ పావ్లిక్ ఈ బెల్టు తయారుచేసింది అందుకే. అంతకుముందు వాడిన బిగుతు కట్లు కాళ్లను కదలనిచ్చేవి కావు, కొందరికి ఎముకకు రక్తం అందక దెబ్బతినేది. ఈ బెల్టులో పాప తన్నుకోవచ్చు, ఆడుకోవచ్చు. హింస కాదది. మొదటి నాలుగు రోజులు చిరాకు పడుతుంది, తర్వాత మనమే ఎక్కువ బాధపడతాం.

రాత్రి తీసేద్దామన్న మాట మీ ఆయన మానుకోవాలి. 6 నెలలు దాటితే బెల్టుతో కుదరడం కష్టం. అప్పుడు మత్తిచ్చి కీలు ఎక్కించి, ఛాతీ నుంచి కాళ్ల దాకా పిండికట్టు వేయాల్సి వస్తుంది.

ఇక మీ అత్తమ్మ. ఆమెతో పోట్లాడకండి, వచ్చేసారి ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి. స్కానింగ్ తెరమీద ఆ బంతిని డాక్టరు చేత చూపించండి. మన పెద్దవాళ్లకు తెలిసిన రెండు పనుల్లో ఒకటి ఈ బిడ్డకు చేటు, ఒకటి మేలు. కాళ్లు చాపి లాగడం, రెండు కాళ్లూ జోడించి గుడ్డలో బిగించి చుట్టడం చేటు. జపాన్‌లో 1975లో అలా చుట్టొద్దని దేశమంతా ప్రచారం చేశాక కీలు తప్పే పిల్లలు బాగా తగ్గారు. చంకనెత్తుకోవడం మేలు: అందులో కాళ్లు ఉండే తీరే బెల్టులోనూ ఉంటుంది. మెడ నిలిచేదాకా గుండెకు ఆనించి, కాళ్లు చెరోవైపు వచ్చేలా ఎత్తుకోమనండి. ఆ పని ఆమెకే అప్పగించండి.

స్నానం బదులు తడిగుడ్డతో తుడవండి. మోకాలి వెనక, గజ్జల్లో, మెడ మడతల్లో చెమట చేరుతుంది, ఆరబెట్టండి. పట్టీల కింద పల్చటి నూలు చొక్కా, సాక్సులు వేయండి. డైపర్ పట్టీల కిందనుంచి మార్చండి. పాప ఒక కాలు మోకాలు చాపి తన్నడం మానేసిందా, అదే రోజు డాక్టరుకు చెప్పాలి, నరం మీద ఒత్తిడి పడి ఉండొచ్చు. తేదీ తప్పకుండా చూపించుకోండి. మూడు నాలుగు వారాల్లో కీలు కుదరకపోతే బెల్టు ఆపి వేరే దారి చూస్తారు, అది మీ ఓటమి కాదు.

మీ ఆయన జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ కార్డు పాపకూ వర్తిస్తుంది. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రిలో అడగండి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే జాబితాలోనూ ఈ లోపం ఉంది. మీ ఆశా కార్యకర్తకు చెప్పండి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుంనొప్పి పోతుందని మన ఊళ్లలో నమ్మకం కదా. రేపు మీ గుమ్మంలో ముందు వంగేది ఆ పక్కింటామే కావచ్చు. అందుకైనా ఆ కాలు గట్టిగా ఉండాలి!

చదువుతున్న మిగతా తల్లులకొక మాట. మీ బిడ్డ కూడా ఎదురుకాళ్లతో ఉన్నదైతే, ఆపరేషన్‌తో పుట్టినా సరే, 6 వారాల వయసులో తుంటి స్కానింగ్ కావాలని మీరే అడగండి.